పైకి పోయిన నలుగురు

నలుగురు మనుషులు చంద్రుడి దగ్గరికి బయలుదేరిన వారంలో మల్కాజ్‌గిరిలోని ఆ వీధి మొత్తం మీద ఆ సంగతి పట్టించుకున్నవాడు వీరయ్య ఒక్కడే. మిగతావాళ్లకు నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందన్నదే పెద్ద సంగతి. ఎండలు ముదిరిన రోజులు కనుక వాళ్లనూ తప్పుపట్టలేం.

వీరయ్య ముప్పై నాలుగేళ్లు సికింద్రాబాద్ స్టేషన్‌లో బండ్లను పరీక్ష చేసి రిటైరయ్యాడు. బండి ఆగగానే పట్టాల పక్కన వంగి నడవాలి. సుత్తితో చక్రాన్ని కొట్టి మోత వినాలి. ఇరుసు పెట్టెకు చెయ్యి వెనక్కి తిప్పి ఆనించి వేడి చూడాలి. అన్నీ సరిగ్గా ఉంటే కాగితం మీద ‘ఫిట్’ అని సంతకం పెట్టాలి. ఆ సంతకం పడనిదే బండి కదలడానికి లేదు. కానీ బోగీల్లో కూర్చుని పులిహోర పొట్లాలు విప్పుకునే వెయ్యిమందిలో ఒక్కడికైనా, కింద ఒక మనిషి నడుము విరిగేలా వంగి నడిచాడని తెలుసా? తెలియదు. వీరయ్య కూడా వాళ్లను ఏనాడూ తప్పు పట్టలేదు, కాస్త ఉడుక్కునేవాడు, అంతే.

అలాంటి మనిషి టీవీలో ఆ రాకెట్టు లేవడం చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆ క్షణం నుంచి ఇంట్లో వేరే మాట లేదు.

“నాలుగు లక్షల కిలోమీటర్లు దేవమ్మా! చంద్రుని ఎనుకకెల్లి తిరిగి మళ్ల మన దిక్కు వస్తరు. పది దినాల పని.”

భార్య దేవమ్మ బెండకాయలు కోస్తోంది. “దిగి ఏం తెస్తరు?” అంది.

“దిగరు.”

“దిగరా? మరెందుకు పోయిన్రు?”

ఈ ప్రశ్నకు జవాబు చెప్పబోయేలోగా కుక్కర్ కూత పెట్టింది. దేవమ్మ లోపలికి వెళ్లిపోయింది.

పోనీ చదువుకున్నవాడు కదా అని కాలనీ సంఘం అధ్యక్షుడు డేవిడ్ రాజు దగ్గరికి వెళ్లాడు. ఆయన మెయిలు బండ్లు నడిపిన డ్రైవరు. రిటైరై ఆరేళ్లయినా ఇప్పటికీ ఇంజన్లో కూర్చున్నట్టే మాట్లాడతాడు.

“గంత దూరం పొయ్యి దిగకుంట వచ్చుడేందయ్యా వీరయ్యా? ప్లాట్‌ఫారం ఖాళీ లేదంటనా?” అన్నాడు రాజు.

“కొత్త లైన్ ఏసినంక ముందుగాల బండి నడిపి చూడమా సార్? గట్లనే ఇది.”

“మనం ఖాళీ బండి నడుపుతం. వీళ్లు మనుషులను కూసొవెట్టి నడుపుతున్నరు గద?”

“గదే గద సార్ దిలేరీ! గుండె ధైర్యం!” అన్నాడు వీరయ్య. ఒళ్లు పులకరించింది కూడా. రాజు మాత్రం పేపరు తిప్పి ట్యాంకరు సంగతి ఎత్తాడు.

నిజానికి వీరయ్య మెచ్చుకోలు ఆ నలుగురి దగ్గరే ఆగలేదు. ఆ నలుగురినీ డబ్బాలో కూర్చోబెట్టి తలుపు వేసే ముందు ఎవడో ఒకడు దాని చుట్టూ తిరిగి, తట్టి, తడిమి, ‘ఫిట్’ అని సంతకం పెట్టి ఉంటాడు కదా! అతని పేరు ఏ టీవీ చెప్పడం లేదు. వాడు ఇప్పుడు ఏం చేస్తున్నాడో, నిద్రపోతున్నాడో లేదో వీరయ్యకు తప్ప ఇంకెవరికి తెలుస్తుంది?

ఆరో రోజున, నలుగురూ చంద్రుడి వెనక్కి వెళ్లి వచ్చారని వార్త చెప్పాక, ఇక లాభం లేదని ఫ్లెక్సీ కట్టించాలని తీర్మానించుకున్నాడు. మన ఊళ్లో ఫ్లెక్సీ కట్టనిదే ఏదీ జరిగినట్టు లెక్క కాదు. పుట్టినరోజైనా, పదవైనా, వార్డు నాయకుడి బామ్మర్ది కొత్త బండి కొన్నా గోడ మీద చూస్తేనే జనం నమ్ముతారు. చంద్రుడి సంగతి కూడా అలాగే నమ్మించాలి.

మల్కాజ్‌గిరి స్టేషన్ వంతెన మీద నిలబడి, రాంగోపాల్‌పేట్‌లో ఫ్లెక్సీల దుకాణం నడిపే సలీంకు ఫోన్ చేశాడు.

“సలీం బేటా, ఒక ఫ్లెక్సీ గావాలె. జెర జల్ది.”

“చెప్పు చాచా. బర్త్‌డేనా?”

“కాదు బేటా. నలుగురు పైకి పోయిన్రు గద, వాళ్లది.”

“నలుగురా!” అన్నాడు సలీం.

“నలుగురు. ఒక్క బండిల్నే. ముగ్గురు మొగోళ్లు, ఒక ఆడామె.”

సరిగ్గా అప్పుడే వంతెన కిందికి గూడ్సు బండి వచ్చింది. సలీం “ఎట్లయింది చాచా?” అని అడిగాడు కానీ వీరయ్యకు వినబడింది బండి కూతే.

“ఫోటోలు వాట్సాప్‌ల పంపిన. మీద పెద్దగ ‘జోహార్లు’ అని రావాలె. కింద నా పేరు ఉండాలె. నడుమ మాటలు నువ్వే మంచిగ రాయి.”

“రాస్త చాచా. నువ్వు ధైర్యంగుండు.”

“నాదేముంది బేటా, ధైర్యమంటే వాళ్లది!” అని అరిచి ఫోన్ పెట్టేశాడు వీరయ్య. సలీంకు కళ్లు చెమర్చాయి.

సలీంను అనడానికేమీ లేదు. జోహార్లు అంటే సలాం కొట్టడమేనని నిఘంటువు చెబుతుంది. కానీ మన దగ్గర బతికున్న మనిషికి జోహార్లు చెప్పి ఎన్నాళ్లయింది? ఆ మాట చెవిన పడితే ఎవరికైనా స్తూపమూ, పూలూ కళ్లముందుకొస్తాయి. పైగా సలీం కంప్యూటర్‌లో డిజైన్ల పెట్టెలు రెండే ఉన్నాయి. ఒకదాని పేరు ఖుషీ, రెండోదాని పేరు గమ్, అంటే దుఃఖం. అతను రెండోది తెరిచాడు.

ఫోటోలు చూశాడు. నలుగురూ నారింజ రంగు బట్టల్లో ఉన్నారు. ఏదో గ్యాస్ కంపెనీ యూనిఫాం అనుకున్నాడు. ముఖాలు చూస్తే లాలాగూడ క్వార్టర్లలో ఉండే ఆంగ్లో ఇండియన్ రైల్వే వాళ్లలా అనిపించారు. వీరయ్యకు పాత దోస్తులై ఉంటారు, పాపం డ్యూటీలోనే పోయారనుకున్నాడు. పోయాక కూడా యూనిఫామేనా అని జాలిపడి తలలు మాత్రం ఉంచి, మగవాళ్లకు తెల్ల లాల్చీలు తొడిగాడు. ఆమెకు అంచున్న పట్టుచీర కట్టాడు. నాలుగు మెడల్లో నాలుగు దండలు వేసి, కింద రెండు దీపాలు వెలిగించాడు. దుఃఖంలో ఉన్న ముసలాయనను దుకాణం దాకా రప్పించడం మర్యాద కాదని, తన పనివాళ్లను పంపి పొద్దు పొడిచేసరికి వీధి మొదట్లో కట్టించేశాడు.

ఆ పొద్దున వీరయ్య ఎప్పటిలాగే స్టేషన్ వైపు నడకకు వెళ్లి, పాలప్యాకెట్ పట్టుకుని వెనక సందులోంచి వచ్చాడు. ఇంటి ముందు ఇరవై ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. వాటిలో ఇరవై మంది తలలు వంచుకుని కూర్చున్నారు. ఎవరూ మాట్లాడడం లేదు. పక్కింటివాళ్లు గిన్నెతో అన్నం తెస్తున్నారు. అంటే తన ఇంట్లో ఈరోజు పొయ్యి వెలగదన్నమాట.

ఇంట్లో ఉండేది ఇద్దరు. తాను ఇక్కడ నిలబడి ఉన్నాడు. పాలప్యాకెట్ చేతిలోంచి జారింది.

“దేవమ్మా!” అని గావుకేక పెట్టాడు.

ఆ కేకకు లోపల్నుంచి దేవమ్మ పరుగెత్తుకొచ్చింది. జుట్టు ముడి ఊడిపోయి ఉంది, ముఖమంతా ఏడుపు. గడప మీద ఆగి మొగుణ్ని పైనుంచి కిందిదాకా చూసింది.

“నువ్వు బతికే ఉన్నవా?” అంది, ఏదో తప్పు పట్టుకున్నట్టు. “గంట సంది ఏడుస్తున్న గదయ్యా! నువ్వు పట్టాల దిక్కు పోతివి, వీళ్లేమో వచ్చి కూసొని నోరు తెరుస్తలేరు!”

వాళ్లెలా తెరుస్తారు? చావు ఇంటికి వెళ్లి, పోయింది ఎవరని అడిగేవాడు మన దేశంలో ఇంకా పుట్టలేదు. పక్కవాడికి తెలిసే ఉంటుందని ప్రతివాడూ అనుకున్నాడు, ఇరవై మందీ అలాగే అనుకుని కూర్చున్నారు. డేవిడ్ రాజు అయితే తెల్లచొక్కా వేసుకొచ్చి కళ్లు మూసుకుని ప్రార్థన కూడా ముగించాడు.

గుట్టు విప్పినవాడు దేవమ్మ తమ్ముడు పర్వతాలు. బొల్లారం నుంచి రైలెక్కి అప్పుడే దిగిన పర్వతాలు బావను వాటేసుకుని, “నలుగురు ఒక్కసారే పోయిన్రా బావా! ఎవరే వాళ్లు, నేనెన్నడు చూడకపోతి!” అని ఫోన్ చూపించాడు. ఫ్లెక్సీ ఫోటో అప్పటికే చుట్టాలందరికీ చేరిపోయింది.

వీరయ్య వీధి మొదటికి పరుగెత్తాడు. వెనకే ఇరవై మందీ వచ్చారు. తల ఎత్తి చదివాడు.

‘పైలోకాలకు పయనమైన మీకు జోహార్లు. మీరు భౌతికంగా మా మధ్య లేకపోయినా మా గుండెల్లో ఉన్నారు. ఎక్కడున్నా మీరు చల్లగా ఉండాలి. ఇట్లు, కన్నీటితో, వీరయ్య, రైల్వే (రిటైర్డ్).’

ప్రతి మాటా వెతికాడు. పైలోకాలకు పయనమైన మాట నిజం. భౌతికంగా మన మధ్య లేరు, అదీ నిజమే. చల్లగా ఉండాలని తానూ కోరుకుంటున్నాడు. తప్పని వేలుపెట్టి చూపించడానికి ఒక్క అక్షరం దొరకలేదు. దండలు, దీపాలు, ఆ పట్టుచీర తప్ప.

కబురందుకుని సలీం స్కూటర్ మీద వచ్చాడు. విషయం తెలిసి తల పట్టుకున్నాడు.

“చాచా, పైకి పోయిన్రని నువ్వే అంటివి గద!”

“పైకంటే పైకేరా! ఆస్మాన్‌లకు!”

“అందరు అక్కడికే పోతరు గద చాచా!”

జనం నవ్వారు. వీరయ్యకు నవ్వు రాలేదు. ఆ నలుగురూ ఇంకా దారిలోనే ఉన్నారు. శనివారం పొద్దున దిగాలి. మంటలోంచి దిగాలి. గాలిలోకి వచ్చేటప్పుడు ఆ డబ్బా అడుగు నిప్పుకణికలా కాలుతుందని టీవీలో చెప్పినప్పటి నుంచే అతనికి స్థిమితం లేదు. ఇరుసు వేడెక్కితే బండి ఏమవుతుందో చేత్తో తడిమి తెలుసుకున్న మనిషి. ఇప్పుడు ఆ నలుగురికీ బతికుండగానే దండలు పడ్డాయి, కింద తన పేరు. రేపు వాళ్లకేమైనా అయితే? లోకమంతా ఏమనుకున్నా సరే, తన పేరుతో తానెలా బతకడం?

“ఇప్పుడే కోసెయ్ సలీం. ముక్కలు చెయ్” అన్నాడు.

సలీం బ్లేడు తీసి స్తంభం ఎక్కబోయాడు. అప్పుడు దేవమ్మ అడ్డం వచ్చింది.

“ముట్టకు!” అంది. “బతికున్నోళ్లు సచ్చిన్రని వార్త పుడితే ఏమైతది? ఆయుష్షు పెరుగుతది. గండం గా వార్తతోనే పోతది. మా మేనత్త పోయిందని రెండుసార్లు కబురొస్తే, తొంభై ఏండ్లు బతికి మా అందరి పానం తీసింది.”

ఇది అందరికీ తెలిసిన సంగతే. పర్వతాలు తల ఊపాడు. సలీం తమ ఇళ్లలో కూడా అంతేనన్నాడు. డేవిడ్ రాజు మాత్రం, “మా దాంట్ల గట్ల లేదు” అని కొంచెం ఆలోచించి, “అయినా ఉంచుండ్రి, నష్టమేముంది” అన్నాడు.

వీరయ్య జన్మలో ఇలాంటివి నమ్మలేదు. సుత్తి మోతనూ, చేతి వేడినీ నమ్మాడు. కానీ నాలుగు లక్షల కిలోమీటర్ల అవతల ఉన్న డబ్బాకు సుత్తి అందదు, చెయ్యి ఆనదు. తనకు అందుబాటులో ఉన్నది ఈ ఫ్లెక్సీ ఒక్కటే.

“దిగేదాంక ఉండనీయ్” అన్నాడు.

ఆ తర్వాత మూడు రోజులు ఆ వీధి తీరు వేరు. ఫ్లెక్సీ ఫోటో ఎక్కడెక్కడికో పాకింది. మౌలాలి నుంచి, లాలాగూడ నుంచి, వీరయ్యతో పనిచేసినవాళ్లు అరటిపళ్లు పట్టుకుని పరామర్శకు వస్తూనే ఉన్నారు. వచ్చిన ప్రతివాణ్నీ కూర్చోబెట్టి వీరయ్య మొదటి నుంచి చెప్పేవాడు. పోయిన వారమంతా గోడకు చెప్పినట్టయిన కథను ఇప్పుడు జనం నోరు తెరుచుకుని విన్నారు. ఏడవడానికి సిద్ధపడి వచ్చిన మనిషికి పోయినవాళ్లు బతికే ఉన్నారని చెబితే, ఆ సంతోషంలో ఇక ఏం చెప్పినా వింటాడు. పర్వతాలు బొల్లారం వెళ్లడం మానేసి, వచ్చేవాళ్లకు చంద్రుడి దారి బొగ్గుతో నేల మీద గీసి చూపించడం షురూ చేశాడు. కూరగాయల బండి ఆమె కూడా ఆగి, “మనోళ్లు ఏడిదాంకొచ్చిన్రు?” అని అడిగింది. ‘మనోళ్లు’ అన్న ఆ మాటకు వీరయ్యకు ఏడుపు వచ్చినంత పనైంది.

ఫ్లెక్సీ తీసేయాలని మున్సిపాలిటీ మనుషులు వస్తే, డేవిడ్ రాజు స్తంభం ముందు నిలబడి, “శనివారం దాంక సిగ్నల్ లేదు” అని వెనక్కి పంపాడు.

వీరయ్య మాత్రం తినడం మానేశాడు. కంచం ముందు కూర్చుంటాడు, కలుపుతాడు, ముద్ద దిగదు. ఎవరైనా చూస్తే ఎండ దెబ్బ అంటాడు.

శనివారం ఇంకా తెల్లవారుతుండగానే ముందు గదిలో టీవీ చుట్టూ జనం నిండారు. కిటికీ బయట కుర్చీల మీద నిలబడ్డవాళ్లు కొందరు. సలీం ఫజర్ నమాజు చదువుకుని నేరుగా వచ్చేశాడు. డబ్బా గాలిలోకి దిగుతోందని, చుట్టూ మంట కమ్ముకుంటుందని, కొన్ని నిమిషాలు వాళ్ల నుంచి మాట రాదని టీవీ అమ్మాయి చెప్పింది.

మాట ఆగిపోయింది.

ఒక నిమిషం, రెండు నిమిషాలు. వీరయ్య కుడిచెయ్యి తనకు తెలియకుండానే లేచి, వెనక్కి తిరిగి, టీవీ తెర వైపు సాగింది. చెయ్యి అలా గాలిలోనే ఉండిపోయింది. డేవిడ్ రాజు ఒక్కడికే అది ఏమిటో తెలుసు. ముప్పై ఏళ్లు ఇంజన్ కిటికీలోంచి ఆ చెయ్యిని చూసినవాడు. ఆయన లేచి వీరయ్య పక్కకొచ్చి నిలబడ్డాడు.

నాలుగు నిమిషాలయ్యాయి. వీరయ్య మనసులో దండలు తీసేశాడు, దీపాలు ఆర్పేశాడు, తన పేరు చెరిపేశాడు. ఇంకా మాట రాలేదు.

అప్పుడు గరగరమని ఒక గొంతు వినిపించింది. ఎవరిదో, ఏమందో గదిలో ఒక్కరికీ అర్థం కాలేదు, మనిషి గొంతని మాత్రం అర్థమైంది. కాసేపటికి నీలాకాశంలో మూడు పెద్ద గొడుగులు విచ్చుకున్నాయి. డబ్బా సముద్రంలో దిగింది. ఇంటి పైకప్పు లేచిపోయేలా అరిచారు. పర్వతాలు సలీంను ఎత్తి గిరగిరా తిప్పాడు.

“ఏం దించిన్రయ్యా డ్రైవర్లు!” అన్నాడు డేవిడ్ రాజు, కళ్లద్దాలు తుడుచుకుంటూ.

వీరయ్య సముద్రం వైపు చూడడం లేదు. తెర మీద ఇప్పుడు పెద్ద హాలు కనిపిస్తోంది. అందరూ లేచి చప్పట్లు కొడుతున్నారు. వెనక వరసలో ఒకడు మాత్రం లేవలేదు. రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని కూర్చున్నాడు.

“గదిగో దేవమ్మా, ఆయనే” అన్నాడు వీరయ్య.

“ఎవరు?”

“సంతకం పెట్టినోడు.”

తెర మారిపోయింది. అతనే అవునో కాదో ఎవరికి తెలుసు? దేవమ్మ మాత్రం టీవీని వదిలి మొగుడి ముఖంలోకి చూడసాగింది. చాలాసేపు చూసింది.

“డ్యూటీకెల్లి వచ్చిన దినం నువ్వు సుత గిట్లనే కూసుంటుంటివి” అంది చివరికి. “కంచం ముంగట. బండి చేరిందని తెల్లారి ఎవరో చెప్పినంకనే తింటుంటివి. నేనడిగితే కడుపుల గ్యాస్ అంటివి. ముప్పై నాలుగేండ్లు వాము నీళ్లు కాసి తాగిపిస్తి గదయ్యా! ఒక్కనాడన్న చెప్పకపోతివి?”

“చెప్తే నువ్వు సుత తినకపోదువు.”

“ఇప్పుడు సుత చెప్పలే గద” అంది దేవమ్మ. “మూడు దినాల సంది నేను తిన్ననా? చూసినవా నువ్వు?”

వీరయ్య చూడలేదు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఇంటినిండా జనం ఉన్నారు కనుక దేవమ్మ చెయ్యి విడిపించుకుని, “లే, తిందాం” అని లోపలికి నడిచింది.